చక్రమక్క నోరు

ఆ వీధిలో ఆమెను అందరూ చక్రమక్క అనేవారు. చేత్తో చక్రం తిప్పే పాతకాలపు మిషను మీద బట్టలు కుట్టేది కాబట్టి ఆ పేరు వచ్చింది. కుడికాలు పసితనంలోనే చచ్చుబడింది. తొడ నుంచి మడమ దాకా రెండు ఇనప కమ్మీలు, తోలు పట్టీలు, అడుగున ఎత్తు మడమ బూటు. అవి తొడుక్కుని చంకలో కర్ర పెట్టుకుంటే నడవగలదు గానీ, తొక్కుడు మిషను తొక్కలేదు. అందుకని కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తోనే గుడ్డను మలుపులు తిప్పేది. కాలర్లు, జేబులు కూడా అలాగే కుట్టేసేది.

ఆమె దుకాణం ఒక మేడ మెట్ల కింద ఉండేది. మెట్ల కింద మిగిలిన మూలకు తలుపు పెట్టి, దాన్ని గది అని పిలిచి, అద్దెకిచ్చారు. లోపల నిటారుగా నిలబడితే తల సిమెంటుకు తగులుతుంది. బేరాలకు వచ్చినవాళ్ళు రోడ్డు మీదే నిలబడేవారు. నిలబడ్డంతసేపూ ఏదో ఒక మాట పడేది. "ఈ ప్యాంటు నడుం మళ్ళీ వదులు చెయ్యాలా? నడుం కుట్టడం నా పని గానీ మీ నోరు కుట్టడం కాదు" అనేది. కొంతమంది నొచ్చుకుని ఇంకో దర్జీ దగ్గరికి వెళ్ళి, ఆ కుట్లు చూసుకుని, తల వంచుకుని తిరిగి వచ్చేవారు.

ఆమె దుకాణానికి ఒకసారి జిల్లా ఆరోగ్యశాఖ పెద్ద డాక్టరు వచ్చాడు. ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చినవాడు బల్ల కింద ఉన్న ఇనప కమ్మీల కాలు చూశాడు. రోగిని చూసిన డాక్టరుకు జాలో, ఆలోచనో కలగాలి. ఈయన కళ్ళు మాత్రం చవకబేరం దొరికినవాడి కళ్ళలా మెరిశాయి.

"పోలియోనే కదమ్మా? నువ్వు మాకు చాలా ఉపయోగపడతావు."

"ప్యాంట్లు కుట్టడానికాండీ?"

"కాదు, సభలకి."

అలా మొదలైంది ఆమె స్టేజీ జీవితం. చుక్కల మందు కార్యక్రమం జరిగినప్పుడల్లా జీపు వచ్చేది. స్టేజీకి మెట్లే గానీ ఇంకో దారి ఉండేది కాదు. ఇద్దరు అటెండర్లు ఆమెను కుర్చీతో సహా ఎత్తి, సిమెంటు బస్తాను దించినట్టు దించేవారు. పెద్ద డాక్టరు మైకు ముందు గొంతు సవరించుకుని, "చూడండి ఈ అభాగ్యురాల్ని! చుక్కలు వేయించకపోతే మీ పిల్లలకూ ఇదే గతి!" అని అరిచేవాడు. ఫొటోల కోసం చీర అంచు కొంచెం పైకి ఎత్తమని సైగ చేసేవాడు. మనిషి తన సంపాదన తను తింటోంది, విధవరాలైన చెల్లెలి ఇల్లు కూడా నడుపుతోంది. ఆమెది 'గతి' అట. ఎవరి సొమ్ముతోనో జీపులెక్కి తిరిగేవాడిది పదవి.

ఆరోగ్యకేంద్రానికి కనీసం వాలుదారి అయినా కట్టించమని ఆమె అడిగింది. పోలియో గురించి ఇన్ని మాటలు చెప్పేవాళ్ళ గుమ్మం పోలియో వచ్చినవాళ్ళు ఎక్కలేకపోతే ఎలా అంది. కట్టించారు. ఎంత ఏటవాలుగా కట్టించారంటే, చక్రాల కుర్చీలో వచ్చిన ఒకాయన సగం ఎక్కి, వచ్చినంత వేగంగా వెనక్కి రోడ్డు మీదికి జారిపోయాడు. ఆ తర్వాత దాన్ని సిబ్బంది మోటారు సైకిళ్ళు పెట్టుకోవడానికి వాడుకున్నారు. దాని ప్రారంభోత్సవానికి మాత్రం రిబ్బను కత్తిరించారు. కత్తెర చక్రమక్కదే.

ఒకరోజు సభ ముగిసింది. చప్పట్లు అయ్యాయి, జీపులు వెళ్ళిపోయాయి. ఆమెను దించడం మరిచిపోయారు, ఆమె కర్ర కూడా జీపులోనే వెళ్ళిపోయింది. ఎవరో చేతిలో పెట్టిన పూలగుత్తి పట్టుకుని ఖాళీ మైదానం వైపు చూస్తూ ఆమె స్టేజీ మీద అలాగే కూర్చుంది. ఎండ వాలాక, కుర్చీలు అద్దెకిచ్చేవాళ్ళు లెక్క చూసుకుంటూ వచ్చి, ఒక కుర్చీలో మనిషి ఉండడం చూసి జడుసుకున్నారు. కుర్చీలతో పాటు ఆమెనూ దించి, సామాను బండిలో ఇంటి దగ్గర దిగబెట్టారు. ఆ మర్నాడు మళ్ళీ జీపు వచ్చినప్పుడు ఆమె బయటికే రాలేదు. "బొమ్మ విరిగిపోయిందని చెప్పండి" అని లోపలినుంచే అంది.

కొన్నేళ్ళకు జబ్బు పోయిందన్నారు. ఆ మాట నిజమే. ఎండల్లో ఇళ్ళిళ్ళూ తిరిగి మందు వేసిన ఆడవాళ్ళ పుణ్యాన అది నిజమైంది. పండగ మాత్రం ఆఫీసులో చేసుకున్నారు. కేకు మీద జబ్బు పేరు రాయించి, దాన్ని కత్తితో కోసి, ముక్కలు పంచుకు తిన్నారు. ఆపైన ఇక పనేముంది? ఇంటింటికీ తిరిగేవాళ్ళను తగ్గించారు. మందు దాచే ఫ్రిజ్‌లో సోడా సీసాలు చేరాయి. తల్లులూ మరిచిపోయారు. కనబడని జబ్బుకు ఎవరు భయపడతారు?

జబ్బు మాత్రం వాళ్ళ కేకు తిని కూర్చోలేదు. మురుగుకాలవ నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకు పంపే పని ఒకటుంటుంది. మనుషుల్లో బయటపడకముందే క్రిమి ఆ నీళ్ళలో కనబడుతుంది. అలాగే కనబడింది. పెద్ద డాక్టరు ఆ కబురు విని, కాలవను తిట్టాడు. ఈలోగా పక్కపేటలో ఒక లారీ డ్రైవరు కొడుకు, అప్పుడప్పుడే పరుగులు నేర్చినవాడు, జ్వరం నుంచి లేచి కాలు ఈడ్వడం మొదలుపెట్టాడు. అప్పుడు అందరికీ ఒక్కసారిగా మెలకువ వచ్చింది. మళ్ళీ ఇంటింటికీ చుక్కల మందు అన్నారు.

చక్రమక్క దగ్గరికి ఆ పేట నర్సు వచ్చింది. సన్నటి మనిషి. మందు పెట్టె పట్టీ ఒరుసుకుని భుజం కందిపోయి ఉంది. తలుపుల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క ఇంకా వేళ్ళ మధ్యనే ఉంది.

"అక్కా, ఎర్రబ్లాకులో ఒక్క తలుపూ తెరవడంలేదు. లోపల టీవీ మోగుతుంటుంది, పిల్లలు ఏడుస్తుంటారు. బెల్లు కొట్టగానే అన్నీ గప్‌చుప్."

"పెద్ద డాక్టర్ని తీసుకెళ్ళు, మైకుతో సహా."

"వచ్చాడు. కింద నిలబడి ఫొటో దిగి వెళ్ళిపోయాడు."

"మరి నా దగ్గరికెందుకొచ్చావ్? మళ్ళీ బొమ్మ కావాల్సొచ్చిందా?"

"నీ కాలెవరిక్కావాలక్కా! నాకు నీ నోరు కావాలి."

చక్రమక్కకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో తన కాలు వద్దన్న మొదటి మనిషి ఈమే. సూది తీసి దిండుకు గుచ్చి, తలుపు వేసి, కర్ర అందుకుంది.

ఎర్రబ్లాకు అంటే నాలుగంతస్తుల మేడ. రంగు వెలిసి ఎరుపు ఏనాడో పోయింది. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. రిటైరైన ఇన్సూరెన్సు ఉద్యోగి, ఆ బ్లాకు సంఘానికి అధ్యక్షుడు. పొద్దున లేచింది మొదలు ఫోన్లో వచ్చిన ప్రతి చెత్తనూ బ్లాకులో అందరికీ పంపడమే ఆయనకు కాలక్షేపం. అందుకే పిల్లకాయలు ఆయనకు ఫార్వర్డు బాబాయ్ అని పేరు పెట్టారు. చుక్కలు వేయించుకున్న పిల్లలకు పెద్దయ్యాక పిల్లలు పుట్టరని, ఎక్కడో ఊరు ఊరంతా కళ్ళు పోయాయని ఆయన పంపని అబద్ధం లేదు. ఆ ఊరి పేరేమిటని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

"ఎవరి కోసమమ్మా?" అన్నాడు, కుర్చీలోంచి కదలకుండా.

"పిల్లల కోసం."

"మా బ్లాకులో ఎవరికీ అక్కర్లేదు. సంఘంలో తీర్మానం చేసుకున్నాం."

"జబ్బు కూడా మీ సంఘంలో మెంబరేనాండీ? తీర్మానం చదువుకుని వెనక్కెళ్ళిపోతుందా?"

పైన ఒకరిద్దరు బాల్కనీల్లోకి వచ్చారు. బాబాయ్ గొంతు పెంచాడు. "నువ్వు చదువుకున్నదానివి కాదు, నీకు తెలీదు. లోకంలో ఎవడైనా ఊరికే ఏదైనా ఇస్తాడా? ఇంటికొచ్చి బతిమాలి మరీ ఇస్తున్నారంటే అందులో ఏదో ఉంది."

"గాలి కూడా ఊరికే వస్తోంది బాబాయ్. కాసేపు పీల్చడం మానేసి చూడండి, అందులో ఏముందో తెలుస్తుంది."

నవ్వులు వినబడ్డాయి. అంతలో మొదటి అంతస్తు బాల్కనీలో బట్టలారేస్తున్న బాబాయ్ కోడలు, చేతిలో తడిగుడ్డ పట్టుకునే కిందికి వంగింది. ఆవిడకు ఎన్నాళ్ళనుంచి కడుపులో ఉందో ఆ మాట.

"మామయ్యగారూ, మన పిల్లలిద్దరికీ వేయించాం కదా? మీరే కారులో తీసుకెళ్ళారు కదా!"

బాబాయ్ ముఖం మాడిపోయింది. "నువ్వు లోపలికెళ్ళమ్మా! అది వేరు, ఇది వేరు. అది ఏసీ హాస్పిటల్లో వేయించింది."

"అదే మందండీ" అంది నర్సు.

చక్రమక్క కర్ర మీద వాలి, అన్ని బాల్కనీలకూ వినబడేలా అంది. "ఏసీలో వేస్తే జబ్బు రాదు, మెట్ల దగ్గర వేస్తే పిల్లలు పుట్టరు. అంతేనా? మీ మనవలకేమో మందు, పక్కింటి పిల్లలకేమో మెసేజీ! బాగుంది బాబాయ్ మీ పంపకం."

ఫార్వర్డు బాబాయ్ మోగని ఫోనును చెవికి పెట్టుకుని "హలో, హలో" అంటూ గేటు వైపు నడిచాడు. అంత పెద్ద చదువు ఆ గేటు దాటేదాకా కూడా నిలబడలేదు. కింది రెండు అంతస్తుల తలుపులు తెరుచుకున్నాయి. తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకుని దిగి వచ్చారు. మందు కోసం వచ్చినవాళ్ళు కొందరైతే, బాబాయ్‌ని నాలుగు కడిగేద్దామని వచ్చినవాళ్ళు కొందరు.

గెలుపు నెత్తికెక్కింది చక్రమక్కకు. పైకి కూడా తానే వస్తానంది. లిఫ్టు అని రాసి ఉన్న గోతిలో విరిగిన సైకిళ్ళు ఉన్నాయి. ఆమె మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చుని, అరచేతులు ఆనించి ఒంటిని పై మెట్టుకు లేపుకుంటూ, ఇనప కాలిని ఈడ్చుకుంటూ ఎక్కింది. కమ్మీలు ప్రతి మెట్టుకూ టంగుమనేవి. మూడో అంతస్తులో ఒక తలుపు ఓరగా తెరిచి ఉంది. సందులోంచి ఒక ముసలావిడ చూస్తోంది. వెనకాల కోడలి చంకలో ఏడాది నిండని పాప.

"వద్దు. మా పిల్లకొద్దు" అంది ముసలావిడ.

చక్రమక్క ఊపిరి తిప్పుకోకుండానే విరుచుకుపడింది. "బుర్రుందా పెద్దమ్మా నీకు? కింద ఆ ముసలాడు చెప్పింది నమ్ముతావా? నా కాలు చూడు! నీ మనవరాలు కూడా ఇలా దేక్కుంటూ..."

తలుపు దభాలున మూసుకుంది. లోపల గడియ, దాని పైన ఇంకో గడియ.

నర్సు మెట్టు మీద కూలబడింది. "ఏం మాటక్కా అది? స్టేజీ మీద ఆ డాక్టరు అనే మాటే నువ్వూ అన్నావు."

చక్రమక్కకు చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది.

"కిందాయనది పొగరు" అంది నర్సు. "ఈవిడది భయం. మొదటి మనవణ్ణి జ్వరమొచ్చి ఆస్పత్రికి తీసుకెళ్తే మళ్ళీ ఇంటికి రాలేదు. ఏదో వేరే జబ్బు. అప్పట్నించీ మందు పెట్టె చూస్తే చాలు, ఈవిడ తలుపేసేస్తుంది."

"ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్పనిచ్చావా?"

మర్నాడు చక్రమక్క అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. గుడ్డపీలికలు చుట్టుకుని మళ్ళీ ఆ మెట్లే ఎక్కింది. ఈసారి బెల్లు కొట్టలేదు. తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. నర్సును ఒక మెట్టు కింద ఉండమంది.

"పెద్దమ్మా, నిన్నటిదాన్నే. తిట్టడానికి రాలేదు, రొప్పు తీర్చుకుంటున్నా."

లోపల టీవీ చప్పుడు తగ్గింది.

"మా నాయనమ్మ నీకంటే గట్టిది" అంది చక్రమక్క తలుపుతోనే చెబుతున్నట్టు. "నాకు మూడేళ్ళప్పుడు చుక్కల మందు వ్యాను మా వీధిలోకొచ్చింది. ఆవిడ నన్ను బట్టలుతికే తొట్టి కింద పెట్టి, దాన్ని బోర్లించి, మీద తను కూర్చుంది. మా ఇంట్లో చిన్నపిల్లల్లేరండీ అని చెప్పింది. నేను లోపల దగ్గితే తను కూడా దగ్గింది, నా దగ్గు వినబడకుండా. వాళ్ళెళ్ళిపోయాక తొట్టి తీసి నన్ను ముద్దులు పెట్టుకుందట. గండం తప్పించానని వీధంతా చెప్పుకుందట. మా అమ్మ చెప్పింది. ఆ ఏడాది వానల్లోనే నాకు జ్వరమొచ్చింది."

తలుపు వెనకనుంచి, చాలా దగ్గరగా, ముసలావిడ గొంతు వచ్చింది. "మర్దనా చేస్తే తగ్గలేదా?"

"రోజూ చేసేది. నూనె వేడిచేసి, గంటసేపు. నూనె రాస్తే తలుపు బందులు కదుల్తాయి గానీ కాళ్ళు కదుల్తాయా పెద్దమ్మా?"

"ఆవిడేమనేది?"

"ఏమీ అనేది కాదు. పోయేదాకా ఆ తొట్టి మాటెత్తలేదు. తను నూనె రాస్తూంటే ఒక్కసారన్నా తిడదామనుకునేదాన్ని. నోరొచ్చేది కాదు. ఊళ్ళో అందర్నీ తిడతాను నేను, నిన్న నిన్ను కూడా తిట్టా. ఆవిణ్ణి మాత్రం ఈ రోజుకీ తిట్టలేకపోయా. నా మంచికే చేసింది కదా, ఏమని తిట్టను?"

ఒక గడియ తీసిన చప్పుడైంది. కాసేపటికి రెండోది. ముసలావిడ గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ముఖం ఇంకా గట్టిగానే ఉంది.

"సూదా?"

"సూది కాదమ్మా, రెండు చుక్కలు నోట్లో" అంది నర్సు పైకి వస్తూ.

ముసలావిడ సీసా తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. వాసన చూసింది. తర్వాత చక్రమక్క వైపు వేలు చూపించింది. "ముందు దీని నోట్లో వెయ్యి."

"ఆమె పెద్దది కదమ్మా, ఆమెకెందుకు..."

"వెయ్యి. అది మింగితే అప్పుడు చూద్దాం."

నర్సు తటపటాయించింది. పెద్దవాళ్ళకు వేసేది కాదు ఆ మందు. వేస్తే హాని మాత్రం లేదు. చక్రమక్క తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది. తలలో అప్పటికే తెల్లవెంట్రుకలు వచ్చిన మనిషి, నేల మీద కూర్చుని, చంటిపిల్లలా నాలుక చాపింది. రెండు చుక్కలు పడ్డాయి. మింగింది. ఆ మందు ఆమె నోట్లో పడడం జన్మలో అదే మొదటిసారి.

"ఇంతేనా!" అంది. "దీనికా నన్ను తొట్టి కింద పెట్టింది!"

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ముసలావిడ ఒక్క నిమిషం ఆమెనే చూసి, కోడలి చేతిలోంచి పాపను తీసుకుని, తనే వేళ్ళతో బుగ్గలు నొక్కి నోరు తెరిపించింది. చుక్కలు పడగానే పాప ముఖం చిట్లించింది. నర్సు దాని చిటికెనవేలికి సిరా గుర్తు పెట్టింది. ముసలావిడ ఆ వేలిని చెంగుతో తుడవబోయి, ఆగిపోయింది.

ఆ పక్షంలో ఎర్రబ్లాకు తలుపులన్నిటి మీదా సుద్దగుర్తులు పడ్డాయి. తర్వాతి విడతల్లో ముసలావిడ కూడా నర్సు వెంట తిరిగింది. తలుపు తీయనివాళ్ళను చక్రమక్క కంటే ఎక్కువగా ఆవిడే తిట్టింది. ఆ పేటల్లో ఇంకే పిల్లవాడూ కాలు ఈడ్వలేదు. కొన్ని నెలలకు కాలవ నీళ్ళు కూడా శుభ్రమని పరీక్షల్లో తేలింది. లారీ డ్రైవరు కొడుకు కాలు మాత్రం తిరిగి రాలేదు. ఇనప కమ్మీల మీదుగా సులువుగా తొడుక్కునేలా వాడి ప్యాంట్లకు పక్కన పొడుగాటి జిప్పు పెట్టి చక్రమక్కే కుట్టి ఇస్తోంది.

అంతా సద్దుమణిగాక పెద్ద డాక్టరు మళ్ళీ సభ పెట్టాడు. తన పట్టుదల గురించి, తన ముందుచూపు గురించి, తన నిద్రలేని రాత్రుల గురించి చాలాసేపు చెప్పుకున్నాడు. నర్సుకు వెనక వరసలో కూడా కుర్చీ దొరకలేదు. చక్రమక్క కోసం జీపు వచ్చింది. ఆమె దారం కొరుకుతూ, "మనిషి ఖాళీ లేదు. కుర్చీ ఒకటుంది, కావాలంటే పట్టుకెళ్ళి స్టేజీ మీద పెట్టుకోండి. ఆయన ఎలాగూ దానితోనే మాట్లాడేవాడు" అంది.

చలి మొదలయ్యే రోజుల్లో ఎర్రబ్లాకు ముసలావిడ దుకాణానికి వచ్చింది. కుట్టించుకోవడానికి ఏమీ తేలేదు. రోడ్డు మీద నిలబడకుండా, వంగి లోపలికి వచ్చి, గుడ్డముక్కల మూట మీద కూర్చుంది.

"ఆ కాలు ఒకసారి చూపించవే."

వేరే ఎవరన్నా ఆ మాటంటే కత్తెర విసిరేదే. ఏమనుకుందో ఏమో, చక్రమక్క పట్టీలు విప్పి, కమ్మీలు పక్కన పెట్టి, కాలు ముందుకు చాపింది. పుల్లలా ఉంది. ముసలావిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"నొప్పిగా ఉంటుందా?"

అన్ని సభల్లో, అన్ని ఫొటోల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. చక్రమక్క కొంచెం ఆలోచించి చెప్పింది. "నొప్పి లేదు. చలికి మాత్రం మంచుగడ్డైపోతుంది. ఎంత కప్పుకున్నా వేడెక్కదు."

ముసలావిడ కాలు మెల్లగా కింద పెట్టి వెళ్ళిపోయింది. వారం తర్వాత కోడలి చేత ఒక కాగితం పొట్లం పంపింది. అందులో ఊలుతో అల్లిన పొడుగాటి మేజోడు ఉంది, తొడ దాకా వచ్చేంత. ఒక్కటే.

"రెండో కాలేం పాపం చేసింది? దీనికి చలెయ్యదా? అల్లేటప్పుడు ఆ మాత్రం తెలీలేదా మీ అత్తగారికి?" అని కోడలి మీద గయ్యిమంది చక్రమక్క.

కోడలు నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా చూసి, చక్రమక్క తలుపు ఓరగా వేసి, ఆ మేజోడు తొడుక్కుని, మళ్ళీ చక్రం మీద చెయ్యి వేసింది.